తెలియని ఊరి జనాన్ని తమవైపు తిప్పుకున్నదెట్ల? గద్వాల కోట నుంచి ఫ్రాన్స్ స్టేజీ దాకా

  

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. ఒక కళాకారుడు తనది కాని దేశానికి పోతాడు. అక్కడి జనానికి ఇతని భాష రాదు. ఇతని కథ తెలియదు. ఇతని పేరు కూడా వాళ్లకు నోరు తిరగదు. గంట తర్వాత చూస్తే అదే జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటారు. ఆ గంటలో ఏం జరిగింది?

"ఏముంది అన్నా, టాలెంట్" అని మీరు అనొచ్చు. టాలెంట్ ఉండాల్సిందే, కాదనను. కానీ మంచి టాలెంట్ ఉన్నోళ్లు కూడా బయటి ఊళ్లో స్టేజీ ఎక్కి, జనం ఫోన్లు చూసుకుంటుంటే దిగిపోయిన సందర్భాలు మస్తుగా ఉంటాయి. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ఇటు వచ్చినోడిని. ఏదైనా పని చేస్తున్నదంటే దాని లోపలి లాజిక్ ఏందో చూడాలనిపిస్తది నాకు. ఇక్కడ కూడా ఒక లాజిక్ ఉంది. దాన్ని వెతకడానికి అమెరికా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. మన మూడు జిల్లాల నుంచే మొదలుపెడదాం.

ఒకప్పుడు మన జిల్లాలే విదేశం

నూట ఇరవై, నూట ముప్పై ఏళ్ల వెనక్కి రండి. అప్పుడు ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యంలో ఉండేది. గోదావరి, కృష్ణా జిల్లాలేమో బ్రిటిష్ వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీలో. అటు ఇంగ్లిష్ వాళ్ల రూపాయి, ఇటు హాలీ సిక్కా. అటు ఆఫీసుల్లో ఇంగ్లిష్, ఇటు ఆఫీసుల్లో ఉర్దూ. చట్టం వేరు, కొలువు వేరు, మాట యాస వేరు. గోదావరి ఒడ్డు నుంచి బయలుదేరి గద్వాలకు వచ్చే మనిషికి ఇది నిజంగానే పరాయి రాజ్యం.

ఆ నిజాం రాజ్యం లోపల చిన్న చిన్న సంస్థానాలు ఉండేవి. నిజాంకు ఏటా కప్పం కడుతూ, తమ ఇలాకాను తాము ఏలుకునే రాజులు. ఇప్పుడు మన మ్యాప్ మీద పెట్టి చూడండి. గద్వాల ఒక సంస్థానం. వనపర్తి ఇంకొకటి. ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూరు, అమరచింత సంస్థానానికి రాజధాని. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కొల్లాపూర్, జటప్రోలు సంస్థానానికి రాజధాని. 2016లో కొత్త జిల్లాలు అయినప్పుడు మూడు ముక్కలైన ఈ చిన్న నేల మీద, పక్కపక్కనే నాలుగు దర్బార్లు. నాలుగూ కవులను, పండితులను పిలిచి సన్మానించేవే.

అందులో గద్వాలకు "విద్వద్గద్వాల" అనే పేరే పడిపోయింది. కార్తీకం, మాఘం వచ్చిందంటే ఎక్కడెక్కడి నుంచో పండితులు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డకు వచ్చేవాళ్లు. ఇప్పటి భాషలో చెప్పాలంటే టూర్ సర్క్యూట్ అన్నట్టు. గద్వాలలో ఒక ప్రోగ్రాం, ఆత్మకూరులో ఒకటి, వనపర్తిలో ఒకటి.

ఆ దారిలో వచ్చినవాళ్లలో అందరికన్నా పేరు మోసిన జంట తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి. ఇద్దరూ గోదావరి ప్రాంతం వాళ్లు. పేరు మీరు వినకపోయి ఉండొచ్చు, కానీ వాళ్ల పద్యాలు మీ ఊళ్లో మైకులో మోగే ఉంటాయి. జాతరలో కృష్ణుడి వేషగాడు రాగం తీసి తీసి పాడే పద్య నాటకం ఉంటది చూడండి, పాండవోద్యోగ విజయాలు, అది రాసింది వీళ్లే. ఊరూరు తిరిగి రాజులను కలిసిన సందర్భాల్లో చెప్పిన పద్యాలతో "నానారాజసందర్శనము" అని ఒక పుస్తకమే ఉంది. పేరులోనే ఉంది చూడండి, ఎంతమంది రాజులను చూశారో.

ఇంకో ముచ్చట. ఇద్దరికీ పెద్ద మీసాలు. పండితులకు మీసాలేంది అని అడిగితే, సంస్కృతంలో, తెలుగులో మమ్మల్ని గెలిచే కవి ఉంటే రమ్మనండి, ఓడిపోతే మీసాలు తీసేసి దండం పెడతాం అని సవాల్ చేశారు. అంటే స్టేజీ ఎక్కకముందే జనానికి ఒక టెన్షన్ పెట్టేశారన్నమాట. ఈ రోజు మీసాలు ఉంటాయా, పోతాయా? ఇక చూడకుండా ఎవరు లేచిపోతారు?

అవధానం లోపలి మెకానిజం

వాళ్లు చేసే ప్రదర్శన పేరు అవధానం. దీన్ని జర ఓపికగా వినండి, ఈ ఎపిసోడ్‌కు తాళంచెవి ఇదే.

అష్టావధానం అంటే అవధాని ముందు ఎనిమిది మంది కూర్చుంటారు. వాళ్లను పృచ్ఛకులు అంటారు, అంటే ప్రశ్న అడిగేవాళ్లు. ఒకాయన అర్థం పర్థం లేనట్టు కనిపించే ఒక పద్యపాదం ఇచ్చి, దీనికి అర్థం వచ్చేటట్టు మిగతా పద్యం పూర్తి చెయ్యి అంటాడు. అది సమస్య. ఇంకొకాయన సంబంధం లేని నాలుగు మాటలు ఇస్తాడు. ఈ రోజుల్లో అయితే సిగ్నల్, రీచార్జ్, బ్యాలెన్స్, ఆఫర్ అని ఇచ్చి, ఇవి పెట్టి సీతమ్మ మీద పద్యం చెప్పమంటాడు. అది దత్తపది. ఇంకొకాయన అవధాని ఒక్కో అక్షరం పలుకుతుంటే, తర్వాతి అక్షరం ఇది రావొద్దు అని అడ్డుపడుతూనే ఉంటాడు. అది నిషిద్ధాక్షరి. ఒకాయన మధ్యలో గంట కొడుతుంటాడు, ఎన్ని కొట్టాడో చివర్లో చెప్పాలి. ఇవన్నీ నడుస్తుంటే ఇంకొకాయన పని ఏందంటే ఊరికే గెలకడం. "అవధాని గారూ, పొద్దున ఉప్మాలో జీడిపప్పు ఎన్ని వచ్చాయి?" లాంటి ప్రశ్నలు. దానికి అప్రస్తుత ప్రసంగం అని పెద్ద పేరు.

ఒక రౌండులో ఒక్కొక్కరికి ఒక్క పాదమే చెప్తాడు. అట్ల నాలుగు రౌండ్లు తిరిగితే పద్యాలు పూర్తవుతాయి. చివర్లో కాగితం లేకుండా అన్ని పద్యాలనూ మొదటి నుంచి అప్పజెప్తాడు. అది ధారణ. ఎనిమిది మంది బదులు వంద మంది అడిగితే శతావధానం.

ఇప్పుడు ఒక్క విషయం గమనించండి. ఈ ప్రదర్శనలో ముడిసరుకు ఎవరిది? అవధాని ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నది ఏమీ లేదు. ప్రశ్న ఆ ఊరి మనిషి అడిగాడు. మాటలు ఆ ఊరి మనిషి ఇచ్చాడు. అడ్డంకి కూడా ఆ ఊరి మనిషే పెట్టాడు. ముందు వరుసలో కూర్చున్న దర్బారు పండితుడు, నిన్నటిదాకా "ఈ కోస్తావాళ్లు వచ్చి మనకు చెప్పేదేంది" అనుకున్న మనిషి కూడా ఇప్పుడు పృచ్ఛకుడు. ఆయన ప్రశ్నకు జవాబు దొరికితే సగం గెలుపు ఆయనది కూడా. వెనక నిలబడ్డ మనిషికి పద్యంలో అర్థం తెలియకపోయినా, మన శాస్త్రి గారి ప్రశ్నకు ఈయన చిక్కుతాడా లేదా అన్నది తెలుస్తది. గంట ఎన్నిసార్లు మోగిందో తను కూడా లెక్కపెట్టుకుంటుంటాడు.

అదీ లాజిక్. పరాయి ఊరి జనాన్ని గెలిచే కళాకారుడు వాళ్ల చేతిలో ఒక పని పెడతాడు. ఊరికే కూర్చుని చూడమనడు. అడగమంటాడు, లెక్కపెట్టమంటాడు, గుర్తుపట్టమంటాడు, ఊపిరి బిగపట్టి ఎదురుచూడమంటాడు. చేతిలో పని ఉన్న మనిషి పరాయివాడిలాగా కూర్చోలేడు.

ఇది రాజుల దర్బార్లలోనే ఉన్న తెలివి అనుకోకండి. మన ఊళ్లకు వచ్చే తోలుబొమ్మలాట వాళ్లను మీ తాతను అడగండి. రామాయణం నడుస్తుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూకుతారు. వాళ్లు రామాయణంలో ఉన్నోళ్లు కాదు. వాళ్ల పని ఆ ఊరి పటేల్ మీద, ఆ ఊరి చెరువు మీద, నిన్న జరిగిన పంచాయితీ మీద జోకులు వేయడం. అందుకే ఆట ఆడేవాళ్లు పొద్దున ఊళ్లో దిగగానే ముందు ఊరి ముచ్చట్లు సేకరిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే లోకలైజేషన్ అంటాం. ఒక యాప్ జపాన్ పోతే తేదీ రాసే పద్ధతి మారుతది, డబ్బు గుర్తు మారుతది, లోపల కోర్ మాత్రం అదే. రామాయణం కోర్. కేతిగాడు లోకలైజేషన్.

సముద్రం దాటితే?

సరే, గద్వాలలో తెలుగు, సంస్కృతం తెలిసిన పండితులు ఉన్నారు కాబట్టి నడిచింది. అసలు తెలుగు ముక్క రానివాళ్ల ముందు ఏం చేస్తారు? మూడు ఉదాహరణలు చెప్తా.

మొదటిది, మన వరంగల్ మనిషి, నేరెళ్ల వేణుమాధవ్. 1932లో పుట్టారు. మిమిక్రీని సినిమా హాలు ఇంటర్వెల్ కాలక్షేపం స్థాయి నుంచి ఒక కళగా నిలబెట్టిన మనిషి. ఆయన పుట్టినరోజు డిసెంబర్ 28ని మిమిక్రీ కళాకారులు ఇప్పటికీ పండుగలాగా చేసుకుంటారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2018లో కన్నుమూశారు. 1971లో ఆయన న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో మిమిక్రీ ప్రదర్శన ఇచ్చారు.

ఆలోచించండి, మిమిక్రీ అంటే మామూలుగా భాష మీద, మనకు తెలిసిన గొంతుల మీద ఆధారపడ్డ కళ. నాగయ్య గొంతు మనకు తెలుసు కాబట్టి మనం నవ్వుతాం. రకరకాల దేశాలవాళ్లు కూర్చున్న హాల్లో నాగయ్య ఎవరికి తెలుసు? వేణుమాధవ్ దగ్గర దానికి జవాబు ముందు నుంచే ఉంది. టెన్ కమాండ్‌మెంట్స్, మెకన్నాస్ గోల్డ్ లాంటి హాలీవుడ్ సినిమాల సీన్లను, డైలాగు, వెనక మ్యూజిక్, గుర్రాల డెక్కల చప్పుడు అన్నీ కలిపి ఒక్క గొంతుతో దించేసేవారు. గుర్రం చప్పుడుకు ఏ భాషా అక్కర్లేదు. వినేవాళ్ల చేతిలో ఆయన పెట్టే పని గుర్తుపట్టడం. "అరే, ఇది ఆ సినిమా కదా!" అని పక్కవాడి వైపు తిరిగిన ఆ క్షణంలోనే మనిషి ఆయనకు దొరికిపోతాడు. గుర్తుపట్టిన ఘనత ప్రేక్షకుడిది, గుర్తుపట్టేటట్టు చేసిన కష్టం కళాకారుడిది.

రెండోది సురభి నాటకం. ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేస్తా. కొల్లాపూర్ రాజుల ఇంటిపేరు కూడా సురభి. నాటకాల సురభికీ వాళ్లకూ సంబంధం లేదు. నాటకాల సురభి కడప జిల్లాలో ఒక ఊరి పేరు. 1885లో వనారస గోవిందరావు కుటుంబం అక్కడ కీచక వధ నాటకం ఆడింది. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలు ఆడించేవాళ్లు. బొమ్మలు పక్కన పెట్టి మనుషులే తెర మీదికి వచ్చేశారు. అప్పటి నుంచి తరం తర్వాత తరం, తాత రాజు వేషం, మనవడు చిన్ని కృష్ణుడి వేషం, కుటుంబాలకు కుటుంబాలు నాటకం మీదనే బతికాయి.

2013లో సురభి బృందం ఫ్రాన్స్ పోయింది. మెట్జ్ అనే నగరంలో పాసాజ్ అనే నాటకోత్సవంలో ఆడారు. అదే ఏడాది ఆ బృందం పెద్ద, బాబ్జీ అని అందరూ పిలిచే రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది.

ఫ్రెంచ్ వాళ్లకు ఘటోత్కచుడు ఎవరో ఏం తెలుసు? కానీ సురభి మాయాబజార్‌లో లడ్డూలు పళ్లెంలోంచి లేచి గాలిలో ఎగురుకుంటూ ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని మంట లేస్తది. నారదుడు పైనుంచి దిగుతాడు. అన్నీ తాళ్లు, కప్పీలు, తీగలు, పెయింట్ వేసిన తెరలు, లైట్లు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేదు, రీటేక్ లేదు, అంతా మన కళ్ల ముందే. సినిమాలో ఇంతకన్నా పెద్ద మాయలు చూసిన మనిషి కూడా ఇక్కడ ముందుకు వంగి కూర్చుంటాడు. ఎందుకంటే అతని బుర్రకు ఒక పని దొరికింది. ఆ తీగ ఎక్కడుంది? ఎట్ల లాగారు? లడ్డూ కింద పడితే ఏమైతది? ఇది ఏ భాషలో ఉన్నా ఒకటే ప్రశ్న.

మూడోది కూచిపూడి. తరంగం చేసేటప్పుడు నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, తాళానికి తగ్గట్టు పళ్లెంతో సహా స్టేజీ అంతా కదులుతుంది. కొందరు నెత్తి మీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. కూచిపూడి ఏ దేశం పోయినా ఈ ఐటమ్ ఉండాల్సిందే. చూసేవాళ్లకు కృష్ణుడి కథ తెలియకపోయినా, పళ్లెం మీద కాళ్లు నిలుస్తాయా అన్నది తెలుస్తది. పాట అయిపోయేదాకా హాలు మొత్తం ఆ పళ్లేన్ని కళ్లతో మోస్తుంటది.

మూడు కళలు వేరు, మూడు ఊళ్లు వేరు. కానీ మూడింట్లో జనానికి ఒక పని ఉంది. గుర్తుపట్టు. కనిపెట్టు. బ్యాలెన్స్ తప్పకుండా నువ్వు కూడా చూస్తూ ఉండు.

దీనికి ఒక ధర కూడా ఉంది

ఇప్పటిదాకా అంతా బాగుంది కదా. ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి.

కూచిపూడిలో అసలైన ఆట భామాకలాపం. రాత్రంతా ఆడేవాళ్లు. అందులో సత్యభామ జడ వేసి ఎంత గర్వంగా నిలబడుతది, చెలికత్తె మాధవి ఆమెను ఎట్ల ఆటపట్టిస్తది, కోపం దిగి కృష్ణుడికి ఉత్తరం రాసేటప్పుడు ఎట్ల కరిగిపోతది, ఇదంతా మాటల మీద, మాట విరుపు మీద నడుస్తది. బయటి దేశంలో స్లాట్ పదిహేను నిమిషాలో అరగంటో ఇస్తే ముందు పోయేది ఈ మాటలే. పళ్లెం మిగులుతది. ఉత్తరం పోతది. కొన్నాళ్లకు కూచిపూడి అంటే పళ్లెం డాన్సే అని మనవాళ్లే అనుకోవడం మొదలుపెడతారు.

రీల్స్ చేసేవాళ్లకు ఇది బాగా అర్థమైతది. ముప్పై సెకన్లలో ఏది పనిచేస్తదో అదే మళ్లీ మళ్లీ చేస్తాం. వ్యూస్ వస్తాయి. మెల్లగా మనం చేసేది మొత్తం ఆ ముప్పై సెకన్లే అయిపోతది.

దీనికి మందు ఏంది? నా లెక్కలో, పని పెట్టి జనాన్ని లోపలికి పిలిచాక వాళ్లను గుమ్మం దగ్గరే నిలబెట్టొద్దు. లడ్డూ ఎగిరింది చూసి ముందుకు వంగిన మనిషికి, ఆ వెంటనే ఘటోత్కచుడికి వాళ్ల అమ్మ హిడింబి మీద ఎంత గౌరవమో చూపించు. సురభి వాళ్లు చేసేది అదే. ట్రిక్ తలుపు, కథ ఇల్లు. అవధానంలో కూడా గంటలు లెక్కపెట్టడం చివరి మాట కాదు. చివరికి పద్యమే నిలబడాలి. ఇప్పుడు అమెరికాలో, సింగపూర్‌లో, ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్లు అవధానాలు పెట్టించుకుంటున్నారు. పృచ్ఛకులు పగలు ఐటీ ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. దత్తపదికి అక్కడి మాటలే ఇస్తారు. ప్రశ్న అక్కడిది, పద్యం ఛందస్సు ఇక్కడిది. ఒక్క గణం కూడా వదులుకోకుండా నడుస్తున్న లోకలైజేషన్ అది.

మన మొగులయ్య ముచ్చట

ఇక అసలు విషయానికి వస్తా. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలకుంట. దర్శనం మొగులయ్య ఊరు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనం, తీగలతో చేసే పన్నెండు మెట్ల కిన్నెర ఆయన చేతిలో ఉంది. పాలమూరు జనం కథగా చెప్పుకునే పండుగ సాయన్న, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన సాయన్న కథను ఆ కిన్నెర మీద పాడుకుంటూ ఊరూరు తిరిగినవాడు.

2021లో భీమ్లా నాయక్ సినిమా టైటిల్ పాట వచ్చింది. మొదట్లో వినిపించే గొంతు ఆయనదే. అప్పటిదాకా కిన్నెర అనే మాటే వినని పిల్లలు, డల్లాస్‌లో ఉన్నోళ్లు, లండన్‌లో ఉన్నోళ్లు, అందరూ ఫోన్లో ఆ గొంతు విన్నారు. మనిషి విమానం ఎక్కకుండానే గొంతు ప్రపంచం చుట్టేసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది.

2024 మేలో అదే మొగులయ్య హైదరాబాద్ శివార్లలో ఒక కన్‌స్ట్రక్షన్ సైట్‌లో కూలి పని చేస్తున్న వీడియో వచ్చింది. మీరు కూడా చూసే ఉంటారు, మీ ఫోన్‌కు కూడా ఫార్వర్డ్ అయి ఉంటది. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పినట్టు పేపర్లలో వచ్చింది.

ఈ వార్త చూసి అయ్యో అని ఒక ఏడుపు ఎమోజీ పెట్టి స్క్రోల్ చేయడం చాలా ఈజీ. ప్రభుత్వాన్ని తిట్టడం ఇంకా ఈజీ. నేను వేరే కోణం అడుగుతున్నా. ఆ పాట విన్న లక్షల మందికి, అంటే మనకు, పని ఏముంది? అవధానంలో పృచ్ఛకుడికి పని ఉంది. తోలుబొమ్మలాట ఊరికి వస్తే ఊరికి పని ఉంది, చందాలు వేసుకుని నూనె, బియ్యం, జాగా ఇచ్చేది ఊరే. ఫోన్లో పాట విన్నప్పుడు మన బొటనవేలికి తప్ప ఇంకెవరికీ పని లేదు. చప్పట్లు కొట్టినంత సౌండ్ వచ్చింది, కానీ ఆ సౌండ్‌తో పొయ్యి వెలగదు.

సంస్థానాల కాలంలో ఒక పద్ధతి ఉండేది, వర్షాశనం. అంటే ఏడాదికి ఇంత అని ముందే కట్టిన మొత్తం. ఈ ఏడాది పద్యం హిట్టా ఫట్టా అని చూడకుండా, కవి బతుకుతాడు. ఆ కాలాన్ని నేను ఆకాశానికి ఎత్తను. ఆ డబ్బు రైతు కట్టిన పన్నుల నుంచి వచ్చిందే. కోటలో శాలువా కప్పించుకున్నది చదువుకున్న పండితులు. కిన్నెర, పగటి వేషాలు ఊళ్లలో గడప గడపకూ తిరిగి బతికాయి. కానీ ఒక్క విషయం మాత్రం ఆ రాజులకు, ఆ ఊళ్లకు కూడా తెలుసు. ఒక్క రోజు సన్మానంతో కళ నిలవదు. వచ్చే ఏడాది కూడా రా అని చెప్పి, దానికి తగ్గట్టు ముందే ఏర్పాటు చేస్తే నిలుస్తది.

విదేశంలో చప్పట్లు కొట్టినవాళ్లను తప్పు పట్టలేం. వాళ్లు టికెట్ కొన్నారు, చివరిదాకా కూర్చున్నారు, లేచి నిలబడ్డారు, ఇంటికి పోయారు. వాళ్ల పని అయిపోయింది. ఇక్కడి పని ఇక్కడోళ్లదే.

మరి మనం ఏం చేయొచ్చు?

పెద్ద పెద్ద మాటలు వద్దు. చేతిలో అయ్యేవి మూడు చెప్తా.

ఒకటి. ఈసారి మీ ఊరికి బుర్రకథ, యక్షగానం, కిన్నెర, పగటివేషం, ఏది వచ్చినా వీడియో తీసే ముందు ఒక ప్రశ్న అడగండి. "పెద్దనాయనా, మా ఊరి ముచ్చట ఏమన్నా ఉందా నీ దగ్గర?" అని. చాలామంది దగ్గర ఉంటది. మీ ముత్తాత పేరు కూడా ఉండొచ్చు. అడిగిన నిమిషం నుంచి మీరు పృచ్ఛకులు.

రెండు. పెండ్లికి డీజేకు వేలకు వేలు ఇస్తున్నాం. గృహప్రవేశానికో, పిల్లల పుట్టినరోజుకో, కాలేజీ ఫ్రెషర్స్ డేకో ఒక్క గంట మన పాలమూరు కళాకారుడిని పిలవండి. రేటు అడగండి, బేరం ఆడకండి, పోయేటప్పుడు వచ్చే ఏడాది తేదీ కూడా చెప్పి పంపండి. వర్షాశనానికి రాజే అక్కర్లేదు. పది మంది దోస్తులు చాలు.

మూడు. మీరే పాడేవాళ్లు, ఆడేవాళ్లు, కామెడీ చేసేవాళ్లు అయితే, మన యాస బయటివాళ్లకు అర్థం కాదని దాన్ని తీసి పక్కన పెట్టకండి. యాస మీ కోర్. దాన్ని ముట్టుకోవద్దు. చూసేవాడి చేతిలో ఏం పని పెట్టాలి అన్నది మాత్రం ప్రతిసారి కొత్తగా ఆలోచించండి. గుర్తుపట్టే పనా, లెక్కపెట్టే పనా, ఎదురుచూసే పనా? అది దొరికిందంటే గద్వాల మనిషి మాట గ్లాస్గోలో కూడా వింటారు.

ఈ వారం మీకు నేను ఇచ్చే పని ఇదీ. మీ ఇంట్లో అందరికన్నా పెద్దమనిషి దగ్గర కూర్చుని, మీ చిన్నప్పుడు మన ఊరికి ఎవరెవరు ఆడటానికి వచ్చేవాళ్లు, ఎన్ని రోజులు ఉండేవాళ్లు, ఊరు వాళ్లకు ఏం పెట్టేది అని అడిగి, వాళ్ల గొంతులోనే రికార్డ్ చేయండి. వాళ్ల ఒప్పుకోలు తీసుకుని మాకు పంపండి. వచ్చినవాటిలో మంచివి ఏరి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఆ ఎపిసోడ్‌లో నా మాటలు తక్కువ, మీ అవ్వల మాటలు ఎక్కువ ఉంటాయి.

అప్పటిదాకా జాగ్రత్త. ఉంటా మరి.